షుగరు ఉన్నవారి పాదాలు: లక్షణం, కారణం, పరిష్కారం

చెప్పు జారిపోయినా తెలియకపోవడం

ఉడుపుల రోజుల్లో గట్టు మీద నడుస్తుంటే ఒక కాలి చెప్పు బురదలో దిగబడిపోయిందని, ఇల్లు చేరి కాళ్లు కడుక్కునేటప్పుడు గానీ ఆ సంగతి తెలియలేదని మా పక్కింటి పెద్దాయన నవ్వుతూ చెప్పారు. అది పరధ్యానం కాదు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి; పొడవైన నరాలు ముందుగా చెడతాయి కనుక స్పర్శ కాలివేళ్ల కొసల నుంచి తగ్గుతూ వస్తుంది. కొందరికి తిమ్మిర్లు, రాత్రి మంటలు ముందు కనిపిస్తాయి, కొందరికి అవీ ఉండవు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. మీరు కళ్లు మూసుకుని కూర్చుంటే, మరొకరు రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో నొక్కకుండా ఒకటి రెండు క్షణాలు తాకాలి. ఆరింటిలో రెండు తెలియకపోయినా స్పర్శ తగ్గినట్లే భావించి వైద్యునికి చూపించాలి. నొప్పి చేయవలసిన కాపలా ఇక కన్నే చేయాలి: రోజూ రాత్రి పాదం కింద అద్దం పెట్టుకుని అరికాలు, వేళ్ల సందులు చూసుకోవాలి, చూపు మందగించినవారు ఆ పని కోడలికో మనవడికో అప్పగించాలి.

అరికాలిలో ఆనె

ఒకే చోట ఒత్తిడి పడడం వల్ల ఆనె కడుతుంది. దాని అడుగున నల్లగా గానీ చెమ్మగా గానీ కనిపిస్తే లోపల పుండు మొదలైందని అనుమానించాలి. బ్లేడుతో కోయడం, జిల్లేడు పాలు పోయడం, ఆమ్లం ఉండే ఆనె పట్టీలు వేయడం మూడూ ప్రమాదమే. ఆసుపత్రిలో చెక్కించుకుని, ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరు అట్టతో, మడమ వెనుక పట్టీతో ఉన్న చెప్పులకు మారాలి. సాయంత్రానికి పాదం కొంత ఉబ్బుతుంది కనుక చెప్పులు అప్పుడే కొనాలి.

వేళ్ల సందులు నానడం, మడమ పగలడం

మొదటిది తడి వల్ల, ఫంగస్ (బూజు) వల్ల వస్తుంది. మెత్తని గుడ్డతో సందులను పొడిగా తుడిచి, వైద్యుడు చెప్పిన మందు రాయాలి. రెండవది చెమట పట్టక చర్మం ఎండిపోవడం వల్ల వస్తుంది. స్నానం కాగానే మడమకు కొబ్బరినూనె గానీ వాజలీను గానీ రాయాలి, సందుల్లో మాత్రం రాయకూడదు.

తెలియకుండా లేచిన బొబ్బ

వేసవి మధ్యాహ్నం అరసవల్లిలో రాతిబండల మీద ప్రదక్షిణ చేసినా, చలికాలం వేడినీళ్లలో కాళ్లు పెట్టినా ఇదే జరుగుతుంది. దర్శనం పొద్దుటే ముగించుకోవడం, నీళ్ల వేడిని స్పర్శ బాగున్నవారి చేత చూపించుకోవడం మంచిది. బొబ్బను చిదపకూడదు.

నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గడం

ఇది రక్తనాళాలు ఇరుకైన గుర్తు. చుట్ట, బీడీ, మన శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పు నోటిలోపల ఉంచి తాగే అడ్డపొగ అన్నీ దీన్ని పెంచేవే. వాటిని మానాలి, పాదంలో నాడి ఎలా ఉందో వైద్యుని చేత చూపించుకోవాలి.

ఒక్క పాదమే వాచి, ఎర్రగా, వేడిగా ఉండడం

నొప్పి అంతగా లేదు కనుక బెణుకు అనుకుని తోముడు తైలం రాయిస్తారు. నరాలు చెడిన పాదంలో ఎముకలు తెలియకుండానే విరిగిపోతున్నా ఇలాగే కనిపిస్తుంది. ఆ కాలు మోపకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పుండు

శుభ్రమైన నీటితో కడిగి, పొడి గాజ్ గుడ్డ (కట్టు కట్టే పలుచని గుడ్డ) కట్టి, పసుపు, బూడిద వంటివేవీ పెట్టకుండా మరుసటి రోజులోగా చూపించాలి. ఎరుపు పాకినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా, వేలు నల్లబడినా ఆ పూటే బయలుదేరాలి. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వారు నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగకూడదు. కొన్ని యాంటీబయాటిక్‌ల మోతాదు మూత్రపిండాల పనితీరును బట్టి మారుతుంది కనుక క్రియాటినిన్ పరీక్ష కాగితాన్ని వెంట తీసుకువెళ్లాలి.