18 మంది, 180 వరుసలు: ఇంతకీ ఏ మోడల్ పెట్టాలి?

సైకాలజీలో పీహెచ్‌డీ చేసే పిల్లలు ఎక్సెల్ షీటు తెరిచి నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మేడమ్, దీనికి ఏ టెస్ట్ పెట్టాలి?" నేను దానికి జవాబు చెప్పను. షీటులో ఏదో ఒక వరుస మీద వేలు పెట్టి, "ఇదేమిటమ్మా? ఒక మనిషా? ఒక మనిషి గడిపిన ఒక రోజా? ఒక మనిషి ఒకసారి నొక్కిన బటనా?" అని ఎదురు అడుగుతాను. సగం మంది అక్కడే తడబడతారు. మనుషుల ప్రవర్తన మీద చేసే పరిశోధనలో మోడల్ (డేటాను వివరించే లెక్కల సూత్రం) ఎంపిక చాలావరకు ఈ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతుంది.

ఉత్త మాటలెందుకు, లెక్క చేసే చూద్దాం. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎల్‌ఎమ్‌ఈ4 (lme4) ప్యాకేజీ వేసుకుంటే దాంతోపాటే స్లీప్‌స్టడీ అనే డేటా వస్తుంది. అమెరికాలోని వాల్టర్ రీడ్ ఆర్మీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో గ్రెగరీ బెలెంకీ బృందం చేసి, 2003లో ప్రచురించిన నిద్ర ప్రయోగంలోది ఇది. 18 మందిని రాత్రికి మూడు గంటలే పడుకోనిచ్చి, రోజూ వాళ్ల రియాక్షన్ టైమ్ (సంకేతానికి స్పందించడానికి పట్టే సమయం) కొలిచారు. 0 నుంచి 9 దాకా పది రోజులు, మనిషికి రోజుకొక సగటు, మిల్లీసెకన్లలో. మొత్తం 180 వరుసలు. నేను ఇక్కడ చెప్పే అంకెలన్నీ మీ లాప్‌టాప్‌లో మీరే సరిచూసుకోవచ్చు.

మోడల్ జోలికి పోకముందే మనిషికొక గ్రాఫ్ గీయండి. అందరి సగటు కలిపి ఒక్క గీత గీస్తే కుదరదు, 18 చిన్న పెట్టెలు కావాలి. 308 నంబరు మనిషిని చూడండి: మొదటి రోజు 250 దగ్గర మొదలై చివరి రోజుకి 466కి వెళ్లాడు, మధ్యలో 7 నంబరు రోజు ఉన్నట్టుండి 290కి దిగాడు. 309 నంబరు మనిషికి నిద్ర లేకపోయినా చీమ కుట్టినట్టు కూడా లేదు: 223తో మొదలు, 237తో ముగింపు. 335 అయితే చివరికొచ్చేసరికి కాస్త చురుకయ్యాడు కూడా. ఈ మూడు పెట్టెలు పక్కపక్కన పెట్టి చూస్తే, నిద్ర కరువు అందరినీ ఒకేలా దెబ్బ తీయలేదని కంటికే తెలుస్తుంది. మీరు ఎంచుకునే మోడల్‌లో ఆ మాటకు చోటుండాలి.

ఇప్పుడు మూడు మోడళ్లు వరసగా నడపండి.

మొదటిది మామూలు రిగ్రెషన్, అంటే చుక్కలన్నిటి మధ్యగా ఒక్క గీత గీయడం. రోజు గడిచే కొద్దీ రియాక్షన్ టైమ్ 10.47 మిల్లీసెకన్లు పెరుగుతోంది, స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూ ఇటూ అయ్యుండొచ్చో చెప్పే కొలత) 1.24. ఈ మోడల్ దృష్టిలో 180 వరుసలంటే ఒకరికొకరు సంబంధం లేని 180 మంది. ఒకే సాక్షిని పదిసార్లు బోనెక్కించి పదిమంది సాక్షులున్నారని చెప్పడం లాంటిదిది.

రెండోది మిక్స్‌డ్ మోడల్, అంటే అందరికీ ఉమ్మడి గీతతో పాటు మనిషి మనిషికీ ఉండే తేడాలనూ లెక్కలోకి తీసుకునేది. కానీ ఇందులో రాండమ్ ఇంటర్‌సెప్ట్ (గీత ఒక్కొక్కరికీ వేరే చోట మొదలవడం) మాత్రమే ఉంది. పుట్టుకతోనే నెమ్మది మనుషులుంటారు, చురుకైనవాళ్లుంటారు అని ఒప్పుకుంటుంది. వాలు (రోజుకు ఎంత పెరుగుతుందనేది) మాత్రం అందరికీ ఒకటే అంటుంది. అంచనా మళ్లీ 10.47. స్టాండర్డ్ ఎర్రర్ 0.80కి పడిపోయింది, టీ విలువ (అంచనాను స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగిస్తే వచ్చేది) 13. మనుషుల మధ్య తేడాలను పక్కకు తీసేశాక మిగిలిన గోల తగ్గింది కాబట్టి ఇలా వచ్చింది. పిల్లలు ఇక్కడే సంబరపడి థీసిస్‌లో పేస్ట్ చేసేస్తారు.

మూడోదాంట్లో వాలు కూడా మనిషి మనిషికీ మారనిస్తాం: రియాక్షన్ ~ డేస్ + (డేస్ | సబ్జెక్ట్). అంచనా ఇప్పుడూ 10.47! స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం 1.55కి పెరిగింది, రెండో మోడల్ కంటే దాదాపు రెట్టింపు. పెరిగిందని దిగులు పడక్కర్లేదు, అసలు విషయం ఇదే. "నిద్ర లేకపోతే మనిషి ఎంత నెమ్మదిస్తాడు" అనే ప్రశ్నకు మన చేతిలో ఉన్నవి 18 జవాబులు, 180 కావు. రెండో మోడల్ ఆ సంగతి దాచిపెట్టింది. రెండో, మూడో మోడళ్లను కై-స్క్వేర్ పరీక్షతో పోల్చి చూస్తే 2 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మూడోదాంట్లో అదనంగా చేరిన అంకెల సంఖ్య) మీద 42.1 వస్తుంది, అంటే మూడోదే డేటాకు చాలా బాగా సరిపోతోంది. గ్రాఫ్ చూసినవాళ్లకు ఆ పరీక్ష అవసరం కూడా లేదనుకోండి, వైవాలో అడుగుతారు కాబట్టి చేసి పెట్టుకోండి.

ఇక ఫలితాన్ని చదవడం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అవుట్‌పుట్‌లో 10.47 కనబడగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి. దాని పైనున్న రాండమ్ ఎఫెక్ట్స్ పట్టిక ఎవరూ చదవరు. వాలుకు స్టాండర్డ్ డీవియేషన్ (మనుషుల మధ్య తేడా ఎంతో చెప్పే కొలత) 5.92 అని అక్కడుంది. అంటే నూటికి 95 మంది వాలు మైనస్ 1 నుంచి 22 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. సగటు వాలుకు కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు సగటు ఉండొచ్చని లెక్కగట్టిన శ్రేణి) మాత్రం 7.4 నుంచి 13.6. ఈ రెండు శ్రేణులు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది మనుషులు ఎంత వేరుగా ఉన్నారో చెబుతుంది, రెండోది సగటు మనకు ఎంత కచ్చితంగా తెలుసో చెబుతుంది. "నిద్ర తగ్గితే ప్రతి ఒక్కరూ రోజుకు 7 నుంచి 14 మిల్లీసెకన్లు నెమ్మదిస్తారు" అని రాస్తే శుద్ధ తప్పు. రాయాల్సింది ఇలా: "సగటున రోజుకు 10.5 మిల్లీసెకన్లు పెరిగింది. అయితే కొందరిలో మార్పే లేదు, కొందరిలో దానికి రెట్టింపు ఉంది."

ఒక్కొక్కరి అంచనాలు తీసినప్పుడు మరో చిత్రం కనబడుతుంది. 308 డేటా ఒక్కటే తీసుకుని గీత గీస్తే వాలు 21.8, మిక్స్‌డ్ మోడల్ దాన్ని 19.7కి దించుతుంది. 335ది మైనస్ 2.9 ఉంటే మైనస్ 0.3కి తెస్తుంది. పది కొలతలతో వచ్చిన విపరీతపు అంకెను పూర్తిగా నమ్మకుండా మిగతావాళ్ల వైపు కొంచెం లాగుతుందన్నమాట. దీన్ని చూసి "మోడల్ డేటాని మార్చేసింది మేడమ్" అని కంగారు పడేవాళ్లుంటారు. డేటా ఎక్కడికీ పోలేదు.

ఇంకో విషయం ఏ మోడలూ చెప్పదు. ఈ డేటాలో 0, 1 రోజులు అలవాటు పడడానికీ శిక్షణకీ ఇచ్చినవి. 2వ రోజు బేస్‌లైన్ (పోలికకు ఆధారం), నిద్ర తగ్గించింది ఆ తర్వాతే. అది హెల్ప్ పేజీలో రాసుంది. కాబట్టి మొదటి రెండు రోజులు తీసేసి నడపాలి. అప్పుడు వాలు 11.4కి వస్తుంది. డేటా ఎలా సేకరించారో చదవకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే, నెలకొకసారి కొత్త ప్యాకేజీ నేర్చుకున్నా లాభం లేదు.

ఫలితం మిల్లీసెకన్లలో కాక వేరే రూపంలో ఉంటే మోడల్ కుటుంబం మారుతుంది, వరుస గురించిన ప్రశ్న మారదు. అవును-కాదు అయితే లాజిస్టిక్. ఎన్నిసార్లు అనే లెక్క అయితే పాయిసాన్, సగటు కంటే వేరియన్స్ (అంకెల చెదురు) బాగా ఎక్కువుంటే నెగటివ్ బైనామియల్. 1 నుంచి 5 దాకా ఇచ్చే అభిప్రాయమైతే ఆర్డినల్. లాజిస్టిక్‌లో ఒక్క జాగ్రత్త: అవకాశం 50 శాతం నుంచి 60కి పెరిగితే ఆడ్స్ (జరిగే అవకాశాన్ని జరగని అవకాశంతో భాగిస్తే వచ్చేది) 1 నుంచి 1.5 అవుతుంది. ఈ రెండు ఆడ్స్ నిష్పత్తి, అంటే ఆడ్స్ రేషియో, 1.5 చూసి "అవకాశం 50 శాతం పెరిగింది" అని రాయకండి. శాతాల్లోకి మార్చి రాస్తే చదివేవాళ్లకీ హాయి. పదాలో బొమ్మలో చూపించి జవాబు రాబట్టే ప్రయోగాల్లో ఆ పదాలు కూడా శాంపిలే. వాటికీ రాండమ్ ఎఫెక్ట్ కావాలని సైకాలజిస్ట్ హెర్బర్ట్ క్లార్క్ 1973లోనే రాశాడు, ఇప్పటికీ మరిచిపోతూనే ఉంటారు.

సింగులర్ ఫిట్ (ఇంత వివరమైన మోడల్‌ను ఈ డేటా మోయలేకపోతోంది) అని హెచ్చరిక వస్తే టెన్షన్ పడి మొత్తం రాండమ్ ఎఫెక్ట్స్ తీసేయకండి. ముందు ఇంటర్‌సెప్ట్‌కీ వాలుకీ మధ్య కోరిలేషన్‌ను (సంబంధాన్ని) మోడల్‌లోంచి తీసేసి చూడండి. అప్పటికీ కుదరకపోతే వేరియన్స్ సున్నా దగ్గర ఉన్నదాన్ని తీసి, ఆ మాట థీసిస్‌లో రాయండి.

చివరగా గైడ్‌గారు తప్పకుండా అడిగేది: "పీ-వాల్యూ ఏదమ్మా?" అసలు ప్రభావమే లేకపోతే ఇంత పెద్ద ఫలితం వచ్చే అవకాశం ఎంతో చెప్పే ఆ అంకెను ఎల్‌ఎమ్‌ఈ4 కావాలనే ఇవ్వదు. ఇలాంటి మోడళ్లలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇక్కడ, లెక్కకు స్వతంత్రంగా దొరికిన సమాచారం ఎంతో చెప్పే అంకె) ఎంతో తేల్చడం అంత తేలిక కాదని ఆ ప్యాకేజీ రాసిన డగ్లస్ బేట్స్ వాదన. తప్పదంటే లెమర్‌టెస్ట్ ప్యాకేజీ వేసుకోండి, శాటర్త్‌వైట్ పద్ధతిలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ లెక్కకట్టి పీ-వాల్యూ ఇస్తుంది. మొత్తం డేటా మీద మూడో మోడల్‌కి టీ 6.77, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 17. మామూలు రిగ్రెషన్‌లో అదే చోట 178 ఉంటుంది. గైడ్‌గారికి ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూపించండి.