ఫాస్టర్ కేర్‌లో పిల్లలున్న ఇంట్లో తుఫాన్ల నెలలు: ముందే చూసుకోవాల్సినవి

విశాఖలో అక్టోబరు, నవంబరు అంటే దసరా సెలవులు, దీపావళి, కార్తీక మాసం పిక్నిక్‌లు. మధ్యలో ఎప్పుడు ముంచుకొస్తుందో తెలియని తుఫాను ఒకటి. ఫాస్టర్ కేర్‌లో, అంటే దత్తత కాకుండా కొన్నాళ్లు పెంచడానికి అప్పగించగా, పాపో బాబో మీ ఇంటికొచ్చాక ఇదే మొదటి సీజన్ అయితే, కొవ్వొత్తులు, మంచినీళ్లు సర్దుకున్నంత మాత్రాన సరిపోదు.

అన్నిటికన్నా ముందు బ్యాగు సంగతి. తుఫాను హెచ్చరిక రాగానే బట్టలు, మందులు, సర్టిఫికెట్లు హడావుడిగా బ్యాగులో కుక్కేస్తాం. ఒక బాలల హోమ్ నుంచి ఇంకో హోమ్‌కి మారుతూ వచ్చిన పిల్లలకు మాత్రం, బ్యాగు సర్దుతున్నారంటే మళ్లీ పంపించేస్తున్నారనే. నోరు తెరిచి అడగరు. అన్నం మానేస్తారు, లేదంటే చిన్నదానికి పెద్ద గొడవ చేస్తారు. అందుకే ఎండ కాస్తున్న రోజునే, అందరి బట్టలూ ఒకే బ్యాగులో, వాళ్ల చేతే పెట్టించండి. మీ చీర, మీవాడి నిక్కరు, పాప గౌను. "గాలివాన గట్టిగా వస్తే అందరం కలిసి మద్దిలపాలెం పెద్దమ్మ వాళ్లింటికి వెళ్తాం, అందరం కలిసే తిరిగొస్తాం" అని చెప్పండి. ఒకసారి చెబితే నమ్మరు. రెండు మూడుసార్లు చెప్పాలి.

బాలల సంక్షేమ కమిటీ ఇచ్చిన ఆర్డరు కాపీ, ఆధార్, టీకాల కార్డు ప్లాస్టిక్ కవర్లో ఉంచండి. ఫోన్లో ఫోటో ఉందిలే అనుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం నంబరు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కాగితం మీద రాసి పెట్టుకోండి. పండక్కి వేరే ఊరు తీసుకెళ్లాలంటే వాళ్లకు ముందే చెప్పి, అవసరమైన అనుమతి తీసుకోండి.

తుఫానుకని బిస్కట్లు, అటుకులు కొని పెడితే, వాటిలో కొన్ని దిండు కింద తేలొచ్చు. దొంగతనం అని మాత్రం అనకండి. ఆకలి తెలిసిన పిల్లలు దాచుకుంటారు. మూత గట్టిగా ఉండే డబ్బా ఒకటి ఇచ్చి, ఇది నీదే అనండి. చీమల బాధా తప్పుతుంది. కొన్నాళ్లకి పాప ఆ డబ్బా తెచ్చి మీవాడి ముందు పెట్టి "తింటావా?" అంటుంది చూడండి, ఆ పూట మీకు ఆకలే వేయదు.

చుట్టాలు తుఫానుకన్నా కష్టం. "ఎవరి పిల్లే ఇది?" అని పిల్ల ముందే అడుగుతారు. "మా ఇంట్లోనే ఉంటోంది, అయిదో క్లాసు" అని ఆపేయండి. పిల్ల సొంతింటి కథ ఎవరికీ చెప్పొద్దు. దత్తతకీ ఫాస్టర్ కేర్‌కీ తేడా వివరించడానికి పండగపూట వంటిల్లు సరైన చోటు కాదు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద పిల్ల కోసం నెలకు వచ్చే 4,000 రూపాయల గురించి ఆరా తీసేవాళ్లూ ఉంటారు. పిల్ల వింటుండగా ఆ లెక్కలు వద్దు. "అమ్మా అని పిలువు" అని సలహా ఇచ్చే అత్తయ్యను కాస్త పక్కకు తీసుకెళ్లండి. ఆంటీ అన్నా, పిన్ని అన్నా పలకండి.

కొత్తబట్టల్లో ఫోటో తీయండి, ఆల్బమ్‌లో పెట్టండి. స్టేటస్‌లో మాత్రం వద్దు. ఇలాంటి పిల్లల్ని గుర్తుపట్టేలా వివరాలు బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఫ్యామిలీ గ్రూపులో మీ మరిదికి కూడా ముందే చెప్పాలి.

ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు దాటనివ్వకండి, చెయ్యి వదలకండి. లోపలికి లాగే ప్రవాహం పైకి అంత తేలిగ్గా కనబడదు.

దీపావళి మోతకు మంచం కింద దూరే పిల్లలుంటారు. ధైర్యం నేర్పుతామని చేతికి టపాసులివ్వకండి. తలుపులేసి, టీవీ సౌండ్ పెంచి, పెద్దవాళ్లలో ఒకరు లోపలే కూర్చోండి. మిగిల్చిన మందుగుండు నాగుల చవితికి కాలుస్తాం కాబట్టి, ఆ రాత్రీ లెక్కలో ఉంచుకోండి.

పండగ రోజు సొంతమ్మతో మాట్లాడించవచ్చా అన్నది అధికారుల్ని ముందే అడగండి. సరేనంటే పొద్దున్నే మాట్లాడించండి, రాత్రి వద్దు. ఫోన్ పెట్టేశాక పాప కోపం మీ మీదే చూపిస్తుంది. ఆ సాయంత్రానికి ఎవరింటికీ వస్తామని మాటివ్వకండి.