కర్రీ పాయింట్ నష్టాన్ని వదిలేయకండి

ఉద్యోగం చేసుకుంటూ పక్కన చిన్న వ్యాపారం పెట్టి నష్టపోయినవాళ్లు మన వైజాగ్‌లో చాలామందే ఉంటారు, ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు దయచేసి ఆ నష్టాన్ని చూపించండి. జీతం మీద పన్ను మాత్రం దీనివల్ల తగ్గదు, వ్యాపార నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. కానీ ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ లాంటి వాటిలోంచి తీసేయొచ్చు.

గాజువాకలో మా బావ కర్రీ పాయింట్ పెట్టాడు, ఏడాదిలో 1,60,000 పోయింది. పై పోర్షన్ అద్దె నెలకు 12,000, అంటే ఏడాదికి 1,44,000. అందులో 30 శాతం ఎలాగూ మినహాయింపు, మిగిలింది 1,00,800. ఎఫ్‌డీ వడ్డీ ఇంకో 35,000. మొత్తం 1,35,800, నష్టం ముందు అదంతా సున్నా అయిపోయింది! మిగిలిన 24,200 నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు, అయితే అప్పుడు వ్యాపార లాభంలోంచే తీయాలి.

అసలు చాలామంది దెబ్బతినేది గడువు దగ్గరే. గడువు తేదీలోపు రిటర్న్ వేయకపోతే ఆ మిగిలిన నష్టం ముందుకు పోదు, ఒక్కరోజు ఆలస్యమైనా అంతే. ఫారం ఐటీఆర్-3 వేయాలి, ఐటీఆర్-4 కాదు. పూర్ణా మార్కెట్ కూరగాయల చీటీలు, గ్యాస్ బిల్లులు, షాపు అద్దె రసీదులు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. మా అక్క చీటీలన్నీ బియ్యం డబ్బా మీద క్లిప్పుకి గుచ్చి ఉంచింది కాబట్టే లెక్క తేలింది.