కొత్తిమీరకి, ఇంట్లో మొక్కల కోసమని అమ్మే పర్పుల్ లైట్ అక్కర్లేదు

కూకట్‌పల్లిలో మా బాల్కనీకి ఎదురు బిల్డింగ్ అడ్డం, ఎండ రాదు, కొత్తిమీర మొలకలు సన్నగా సాగిపోయి వాలిపోయేవి. పసుపు రంగు బల్బు పెట్టి చూశా, మొక్క సాగకుండా ఆపే నీలం కాంతి దాంట్లో తక్కువ కదా, ఇంకా సాగాయి. ఇప్పుడు మామూలు 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబ్, డబ్బా మీద 6500కె (అంటే నీలం పాలు ఎక్కువున్న తెల్ల వెలుగు) అని ఉన్నది, మొక్కలకి జానెడు ఎత్తులో కట్టి టైమర్ ప్లగ్‌తో రోజుకి 12 గంటలు వెలిగిస్తున్నా, మొక్క గుబురుగా వస్తోంది. నెలకి 7 యూనిట్లు, అంతే. మొక్క పెరిగేకొద్దీ ట్యూబ్‌ని పైకి జరపాలి. రాత్రంతా మాత్రం వదిలేయకండి, వెలుగు ఎక్కువ గంటలు ఉంటే కొత్తిమీర తొందరగా పూతకొచ్చేస్తుంది. మెంతికూర, పుదీనాకి ఓకే, టమాటా, మిర్చికి ఈ ఒక్క ట్యూబ్ చాలదు.