పాలు తాగలేకపోతే పెరుగులో కాల్షియం

ఎముకలు గుల్లబారాయని తెలిసినప్పటి నుంచి అమ్మ చేత గ్లాసులకొద్దీ పాలు తాగించడం రోజూ టెన్షనే. ఇప్పుడు కప్పు పెరుగులో రెండు టేబుల్ స్పూన్ల వెన్న తీసిన పాలపొడి కలిపి ఇస్తున్నాను. పొడిని ముందు కాస్త పెరుగుతో మెత్తగా రుద్ది, ఆ తర్వాతే మిగతా పెరుగు కలపాలి. లేదంటే ఉండలు కట్టి నాలుకకు అంటుకుంటాయి, అమ్మ ఇక ముట్టదు. పెరుగులో సుమారు 300, పొడిలో 180 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. ఒకేసారి 500 దాటితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. 50 దాటిన ఆడవాళ్లకు రోజుకు 1200 దాకా కావాలంటారు, మిగతాది భోజనంలో చూసుకోవాలి. పాలు పడనివాళ్లకు మాత్రం ఇది పడకపోవచ్చు, కడుపు ఉబ్బరించొచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.