అతికించిన పాఠానికి ఒకే రూపం

మా కూకట్‌పల్లి కాలనీ సంచికకు పదిమంది పంపే వ్యాసాలను లిబ్రేఆఫీస్ రైటర్ అనే ఉచిత రాత సాఫ్ట్‌వేర్‌లో ఒకచోట అతికిస్తే, ఒక్కో పేరా ఒక్కో ఫాంటులో, ఒక్కో సైజులో కనిపించి, సరిచేయడానికే ఒక సాయంత్రం గడిచిపోయేది. ఇప్పుడు కంట్రోల్+ఏతో మొత్తం ఎంచుకొని, కంట్రోల్+ఎం నొక్కి, వెంట వచ్చిన అలంకారాలన్నీ తీసివేసి, కంట్రోల్+0తో అంతటికీ ఒకే పేరా స్టైలు (ఫాంటు, సైజు వంటివి కలిపి పెట్టిన రూపం) ఇచ్చి, శీర్షికల మీద మాత్రం కర్సరు ఉంచి శీర్షిక స్టైలు కోసం కంట్రోల్+1 నొక్కుతున్నాను. తరువాత ఎఫ్11తో స్టైళ్ల పట్టీ తెరిచి ఆ స్టైలులోని ఫాంటును ఒక్కసారి మారిస్తే చాలు. బోల్డు చేసిన మాటలు కూడా మామూలైపోతాయి కనుక, వాటిని ముందే గుర్తు పెట్టుకోవాలి. అయితే పాఠం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతి)లో కాక, పాత డీటీపీ (కంప్యూటరులో పుటల కూర్పు) ఫాంటులో ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోకపోతే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు మిగులుతాయి.