పాత డెస్క్‌టాప్‌లో బూట్ ఆర్డర్ మార్చడం: మా షాపులో నేను చేసిన పద్ధతి

తెనాలిలో మాది చిన్న జిరాక్స్, నెట్ షాపు. పోయిన వేసవిలో ఒక పాత సిస్టమ్‌కి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసే స్టోరేజీ) వేయించాం. విండోస్‌ని అందులోకి క్లోన్ చేసి, అంటే ఉన్నదున్నట్టు కాపీ చేసి, పాత హార్డ్ డిస్కుని ఫైళ్ళ కోసం లోపలే ఉంచాం. వారం రోజులు చకచకా నడిచింది. ఒక రాత్రంతా కరెంటు లేదు. పొద్దున్నే ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఎఫ్1 నొక్కమని వచ్చింది. నొక్కాను. మళ్ళీ పాత నత్తనడకే! తేదీ చూస్తే ఏళ్ళు వెనక్కి పోయింది. దాంతో దరఖాస్తు సైటు కూడా కనెక్షన్ సురక్షితం కాదంటూ తెరుచుకోలేదు. ఎదురుగా ఒక అమ్మాయి, "అక్కా, ఇవాళే లాస్ట్ డేట్" అంటోంది. ఆ టెన్షన్ ఇంకొకరికి రాకూడదనే ఇది రాస్తున్నాను.

ఆన్ కాగానే మదర్‌బోర్డు తన జాబితాలో పైనున్న డిస్కు దగ్గరికి ముందు వెళ్తుంది. అక్కడ విండోస్ దొరికితే ఇంక కిందికి చూడదు. ఈ వరసనే బూట్ ఆర్డర్ అంటారు. మా జాబితా చెదిరిపోయి పాత డిస్కు పైకి వచ్చేసింది. అసలు కారణం బోర్డు మీదున్న సీఆర్2032 అనే రూపాయి బిళ్ళంత సెల్ అయిపోవడం. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది, పాత బోర్డుల్లో సెట్టింగులను గుర్తుంచేదీ అదే. అందుకని తేదీ తప్పుతుంటే ముందు సెల్ మార్చండి. ప్లగ్ పూర్తిగా పీకి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, సెల్ పక్కనున్న చిన్న క్లిప్పుని గోటితో వెనక్కి నెడితే సెల్ పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి టక్కుమనేదాకా నొక్కాలి.

ఇప్పుడు బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళాలి. పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచీ డిలీట్ కీ టకటకా కొడుతూ ఉండండి, లోగో కోసం ఎదురుచూడొద్దు. అసెంబుల్డ్ సిస్టమ్‌లలో ఎక్కువగా డిలీటే. డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. పెన్‌డ్రైవ్ నుంచి ఒక్కసారి బూట్ చేయడానికైతే ఆర్డర్ జోలికి పోనక్కర్లేదు: డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే అప్పటికప్పుడు ఎంచుకునే మెనూ వస్తుంది.

లోపలికి వెళ్ళాక మొదటి పని ప్రతి పేజీనీ ఫోన్లో ఫోటో తీసుకోవడం. ఇది మాత్రం మానొద్దు. బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) వాడేవాళ్ళు 48 అంకెల రికవరీ కీని ముందే రాసిపెట్టుకోవాలి, సెట్టింగులు మారితే అది అడగొచ్చు.

నేను అరగంట తిప్పలు పడ్డది ఇక్కడే. బూట్ పేజీలో మొదటి ఆప్షన్ తెరిస్తే పాత హార్డ్ డిస్కు ఒక్కటే ఉంది, ఎస్‌ఎస్‌డీ పేరే లేదు. కేబుల్ ఊడిందేమోనని క్యాబినెట్ మళ్ళీ విప్పాను. తీరా చూస్తే అదే పేజీలో కింద హార్డ్ డ్రైవ్ బీబీఎస్ ప్రయారిటీస్ అని ఇంకో వరస ఉంది. లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో నడిచే బోర్డులు చాలావాటిలో డిస్కుల్లో ఏది ముందో అక్కడ తేల్చాలి, గెలిచినదే పై జాబితాలో కనిపిస్తుంది. అక్కడ ఎస్‌ఎస్‌డీని మొదటికి తెచ్చాక పై జాబితాలోనూ దాని పేరు వచ్చింది. యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో నడిచే సిస్టమ్ అయితే జాబితాలో విండోస్ బూట్ మేనేజర్ అని ఉంటుంది. క్లోన్ చేసినప్పుడు అలాంటివి రెండు కనిపిస్తే, పక్కన ఎస్‌ఎస్‌డీ పేరున్నదాన్ని పైకి జరపండి.

సాటా మోడ్‌ని (డిస్కులతో బోర్డు మాట్లాడే పద్ధతి), లెగసీ–యూఈఎఫ్ఐ ఆప్షన్‌ని ఊరికే కదపకండి. అవి మారితే ఉన్న విండోస్ తెరుచుకోకుండా పోవచ్చు. అలాగని సెల్ మార్చాక ఇవి వాటంతటవే మారి ఉంటే పాత స్థితికి తేవాల్సిందే. త్వరగా ఆన్ అవడానికి ఉండే ఫాస్ట్ బూట్‌ని నేను ఆపేశాను, అది ఆన్‌లో ఉంటే కొన్ని బోర్డులు యూఎస్‌బీ కీబోర్డుని సమయానికి పట్టించుకోవు. కరెంటు వచ్చాక ఏం చేయాలో చెప్పే ఆప్షన్ ఏసీ బ్యాక్ లాంటి పేరుతో ఉంటుంది. దాన్ని ఆఫ్‌లోనే ఉంచాను. మా వీధిలో కరెంటు వచ్చీ పోయీ చేస్తుంది, ప్రతిసారీ సిస్టమ్ తనంతట తాను లేవడం డిస్కుకి మంచిది కాదు.

తేదీ, టైమ్ సరిచేసి ఎఫ్10తో సేవ్ చేయండి. విండోస్ వచ్చాక షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, పది నిమిషాల తర్వాత ఆన్ చేసి చూడండి. మా సిస్టమ్ ఎఫ్1 అడక్కుండా నేరుగా విండోస్‌లోకి వెళ్ళింది, మూలన తేదీ సరిగ్గా ఉంది. ఆ అమ్మాయి దరఖాస్తు మధ్యాహ్నం రెండింటికి సబ్‌మిట్ అయింది.